పాదానికీ పాదానికీ మధ్య

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే మా చర్చి ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, స్టోర్ రూము ఖాళీ చేయిస్తున్నామండి, కొత్త సౌండ్ సిస్టమ్‌కి చోటు కావాలి. మీ అత్తయ్యగారు వాయించిన పాత ఆర్గన్ ఒకటి పడి ఉంది. మీరు తీసుకెళ్తారా, పాత సామాన్ల అతనికి ఇచ్చేయమంటారా?" అంది. పాపం, ఆ అమ్మాయి మర్యాదగానే అడిగింది. నాకే ఒళ్ళు మండింది. పాత సామాన్ల అతను వచ్చేలోపు నేనే వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ట్రాలీ ఆటో మాట్లాడుకుని, ఇద్దరు మనుషుల్ని పెట్టి మోయించి, బెజవాడ వన్ టౌన్ సందుల్లోంచి అందరి తిట్లూ తింటూ దాన్ని ఇంటికి చేర్చేసరికి మధ్యాహ్నమైంది. ముందు గదిలో కిటికీ పక్కన పెట్టించి మూత తెరిచాను. కలరా ఉండల వాసన ముఖానికి కొట్టింది. ఎలుకలు తోలుతిత్తులు కొరకకుండా అత్తయ్య దాని కడుపులో కలరా ఉండలు వేసేది. ఆర్గన్ తొక్కినప్పుడల్లా ఆ వాసన గాలితో పాటు బయటికొచ్చి ముందు బెంచీలదాకా పాకేది. మా చర్చిలో పుట్టి పెరిగిన నా వయసు వాళ్ళకి ఇప్పటికీ కలరా ఉండల వాసనొస్తే ఆదివారం గుర్తొస్తుంది.

అత్తయ్య అంటే నాన్నకి సొంత అక్క, గ్రేసమ్మ. మిషన్ బడిలో టీచరు. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది, మళ్ళీ వెళ్ళలేదు. మేము రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. బొగ్గు పొగ మా ఇంట్లో ఐదో మనిషిలా ఉండేది. ఆరేసిన చీర తీసి దులపకుండా మడత పెడితే అమ్మ ఊరుకునేది కాదు. శనివారం సాయంత్రం వచ్చిందంటే ఇంట్లో ఎవరి పని వాళ్ళకి రాసిపెట్టి ఉండేది. అమ్మ మర్నాటి మధ్యాహ్నానికి మసాలా నూరి పెట్టుకునేది. నాన్న వరండాలో పాత పేపరు పరుచుకుని అందరి చెప్పులకీ పాలిష్ వేసేవారు, చివర్న తన బూట్లు. అత్తయ్య బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తెల్లచీర ఇస్త్రీ చేసుకుని, బియ్యం చేటలో పోసుకుని కూర్చునేది. రాళ్ళు ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి ఆగి, చేట అంచు మీద వేళ్ళతో మర్నాటి పాటలు వాయించుకునేది. ఎడమచెయ్యి కాస్త ముందు పడేది. ఎందుకత్తయ్యా అంటే, "ఆ కింది స్వరాలు ముసలివే. నొక్కగానే పలకవు, గాలి నిండాలి. ముందే నొక్కితేగానీ వేళకి అందుకోవు" అనేది. ఆ మాట నేను వినీ విననట్టు ఊరుకునేదాన్ని. నాకు చిన్నప్పట్నుంచీ ఓపిక తక్కువ.

మా చర్చిలో ముందు బెంచీలు, వెనక చాపలు. బెంచీల మీద రైల్వే వాళ్ళు, టీచర్లు, నర్సులు, గుమాస్తాలు, మా కుటుంబాలు. చాపల మీద కాలువ అవతల పేట నుంచి వచ్చే ఆడవాళ్ళు. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పకపోయినా ఎవరి చోటు వాళ్ళకి తెలిసిన రోజులవి. అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది. వాళ్ళు వారమంతా కలుపులకీ నాట్లకీ వెళ్ళేవాళ్ళు, పొలం పనుల్లేని రోజుల్లో వన్ టౌన్ గోడౌన్లలో మిరపకాయల తొడాలు తీసేవాళ్ళు. ఆదివారం తలకి నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని, కాలువ గట్టు వెంట పిల్లల్ని నడిపించుకుంటూ వచ్చేవాళ్ళు. పాట అంటే వాళ్ళే. ముందు బెంచీల వాళ్ళం పుస్తకంలోకి తలలు దించి పెదవులు కదిపేవాళ్ళం. వెనకనుంచి వచ్చే గొంతులకి మాత్రం కిటికీ అద్దాలు అదిరేవి.

వాళ్ళలో ఒకరికీ చదువు రాదు. అందుకే మా చర్చిలో పాట అందించడం అనే పద్ధతి ఉండేది. ఒక పాదం పాడడం అయ్యేసరికి అత్తయ్య ఎడమచేత్తో ఒక స్వరం పట్టి ఉంచి, తల కాస్త వెనక్కి తిప్పి, రాబోయే పాదంలో మొదటి రెండు మూడు మాటలు గబుక్కున పలికేది. పాడేది కాదు, ఊరికే చెప్పేది. "చీకటి దారిలో..." అని ఆమె అనడం, ఆ మాట వెనక గోడదాకా వెళ్ళడం, చాపల మీదివాళ్ళు ఊపిరి తీసుకోవడం, అప్పుడు అందరూ కలిసి "చీకటి దారిలో చెయ్యి పట్టినవాడా" అని ఎత్తుకోవడం. పొడుగు పాదమైతే ఎక్కువసేపు ఆగేది, పొట్టిదైతే తక్కువ. పాట పూర్తయ్యేసరికి ఆ ఆగడాలన్నీ కలిసి కొంత సేపయ్యేది. మా నాన్నకి ఆ కొంత సేపంటే గిట్టదు.

నాన్న పేరు దేవదానం. రైల్వే కంట్రోల్ ఆఫీసులో పని. చెవికి ఫోను తగిలించుకుని, ముందు పెద్ద కాగితం పరుచుకుని, ఏ బండి ఏ స్టేషను దాటిందో గీతలు గీస్తూ గంటల తరబడి కూర్చునే ఉద్యోగం. గీత ఉండాల్సిన చోట లేకపోతే పైనుంచి చీవాట్లు. అందుకని ఆయనకి 'లేటు' అన్నది తిట్టులో పెద్ద తిట్టు. పప్పులో ఉప్పు లేకపోయినా తినేవారు గానీ, భోజనం ఆలస్యమైతే మాట్లాడేవారు కాదు. పొద్దున రేడియోలో వార్తల ముందు వచ్చే గంటలకి వాచీ సరిచేసుకుని కీ ఇచ్చేవారు, ఆ తరవాతే కాఫీ. మంచి మనిషి, ఎవరికి ఏ కష్టమొచ్చినా సైకిలెక్కి ముందు వెళ్ళేది ఆయనే. ఆ వెళ్ళడం కూడా వేళకి వెళ్ళేవారు.

ఆయన చర్చి కమిటీకి సెక్రటరీ అయ్యాక ఆరాధన వేళకి ముగియడం లేదన్న ఫిర్యాదు చేతికొచ్చింది. మా తరవాత అదే హాల్లో కాలేజీ పిల్లల ఆరాధన మొదలుపెట్టారు, వాళ్ళు బయట ఎండలో నిలబడాల్సి వస్తోంది. పైగా బిషప్ గారు వస్తున్నారు, పట్నం చర్చిలా ఉండాలని కొందరికి కోరిక. పాటల పుస్తకాలు కొత్తవి కొన్నారు, చాపల మీద కూడా పంచారు. అప్పుడు కమిటీ తీర్మానం చేసింది, ఇక పాట అందించనక్కర్లేదని. ఆ సంగతి నాన్న ఇంట్లో చెప్పిన సాయంత్రం నాకు బాగా గుర్తు. అమ్మ గోంగూర వలుస్తోంది. అత్తయ్య చేట ఒళ్ళో పెట్టుకునే వింది.

"ఇప్పుడందరికీ పుస్తకాలున్నాయి అక్కయ్యా. మళ్ళీ నువ్వు చెప్పడం దేనికి?" అన్నారు నాన్న.

"పుస్తకాలున్నాయి. చదువేదిరా?"

"కంఠతా వచ్చు వాళ్ళకి. ఎన్నేళ్ళనుంచి పాడుతున్నారు!"

"వచ్చు. మొదటి మాట చెవిన పడితే మిగతాదంతా వస్తుంది. అది పడకపోతే ఏదీ రాదు." కాసేపు బియ్యం ఏరి, మళ్ళీ తనే అంది. "ఒరేయ్ దానం, జంక్షన్‌లో కనెక్షన్ బండి రాకుండా నీ బండి వదిలేస్తావా?"

"కనెక్షనుకి కూడా ఒక లెక్కుంటుంది అక్కయ్యా. దానికోసం అన్ని బండ్లూ ఆపుకుని కూర్చోం."

అందించకుండా వాయించడం నాకు చేతకాదు, వేరే వాళ్ళని చూసుకోండి అని మాత్రం అంది అత్తయ్య. అలక అనుకున్నాం. అలక కాదు, నిజంగానే ఆమెకి చేతకాదు. ఆ ఆగడం ఆమె చేతుల్లోనే ఉండిపోయింది. కమిటీ వాళ్ళు ఆమెకి శాలువా కప్పి, దండ వేసి, రెండు మంచి మాటలు చెప్పి, ఆర్గన్ దగ్గర శామ్యూల్ అనే అతన్ని కూర్చోబెట్టారు. శామ్యూల్ బ్యాంకులో పనిచేసేవాడు. అత్తయ్యకన్నా బాగా వాయించేవాడు కూడాను, అందులో అబద్ధమాడి ప్రయోజనం లేదు. వేళ్ళు పరిగెత్తేవి, ఒక్క స్వరం తప్పేది కాదు. అత్తయ్య నాన్న పక్కన రెండో బెంచీలో కూర్చుని, పుస్తకం తెరవకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని వినేది.

మొదటి ఆదివారమే ఏదో తేడాగా వినబడింది. బెంచీల మీదివాళ్ళం "చీకటి దారిలో" అని మొదలుపెట్టేశాం, వెనకనుంచి ఏమీ రాలేదు. "చెయ్యి పట్టినవాడా" దగ్గర వాళ్ళ గొంతులు వచ్చి కలిశాయి. తరవాతి పాదమూ అంతే, మొదటి మాటలు మావి, చివరి మాటలు అందరివీ. ప్రతి పాదానికీ తల లేదు. కొన్ని వారాలకి ఆ చివరి మాటలు కూడా తగ్గాయి. వాళ్ళు ఒక మాట అందుకునేసరికి పాట ఇంకో పాదంలో ఉండేది. పుస్తకాలు మాత్రం ఒళ్ళో బుద్ధిగా తెరిచి పట్టుకునేవాళ్ళు. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఒకావిడ పుస్తకం తలకిందులుగా ఉంది. బిషప్ గారు వచ్చిన రోజు ఆరాధన నిమిషం తేడా లేకుండా ముగిసింది, ఆయన మెచ్చుకున్నారు. నాన్న ఆ రోజంతా సంతోషంగా ఉన్నారు.

చాపల మీదివాళ్ళలో పెద్ద సువార్తమ్మ. నల్లగా, పొడుగ్గా, పెద్ద గొంతుతో ఉండేది. ఆమె గొంతు పట్టుకునే మిగతావాళ్ళు నడిచేవాళ్ళు. ఒకరోజు పొలం నుంచి వస్తూ కొంగులో పొన్నగంటికూర కట్టుకుని మా పెరటి గుమ్మం దగ్గరికొచ్చింది. అత్తయ్య కూర అందుకుని, కూర్చోమని పీట వేసింది. సువార్తమ్మ పీట పక్కకి జరిపి గుమ్మంలోనే కూర్చుంది.

"ఈమధ్య మీ గొంతులు వినపట్టంలేదేమే సువార్తమ్మా?" అంది అత్తయ్య, తెలియనట్టు.

"ఏం పాడతామండీ టీచరుగారూ. పాట మాకోసం ఆగట్లేదండి. మేం ఎక్కుదామనుకునేలోపే ఎల్లిపోతంది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "బాబుగారి మీద మాకేం లేదండి. పుస్తకాలు కూడా ఇచ్చారు గదా. మాకు రాకపోతే ఆయనేం చేత్తారు?"

అత్తయ్య లోపలికి వెళ్ళింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వెళ్ళేటప్పుడు సువార్తమ్మ గుమ్మం దగ్గర ఆగి, పేటలో గట్టు పక్కన పాక వేసుకుంటున్నారనీ, ఆదివారం అక్కడే ప్రార్థన చేసుకుందామనుకుంటున్నారనీ చెప్పింది. "మాలో మేవే అందించుకుంటామండి, తప్పో ఒప్పో" అంది. మీరూ రండి అని అత్తయ్యని పిలవలేదు. పిలిస్తే టీచరుగారికి ఇబ్బంది అని ఆగింది. పిలిచి ఉంటే వెళ్ళేది, నాకు ఖాయంగా తెలుసు. పిలవకుండా వెళితే తమ్ముడి పరువు తీసినట్టవుతుందని అత్తయ్య వెళ్ళలేదు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు మర్యాదగా ఊరుకున్నారు. ఆ మర్యాదని తలుచుకుంటే నాకిప్పటికీ దుఃఖమొస్తుంది. తరవాతి నెలలో చాపలు ఖాళీ అయ్యాయి. కొన్నాళ్ళు ఊరికే పరిచారు, ఆ తరవాత చుట్టి మూల పెట్టారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు నేను ఉద్యోగంలో చేరి కొద్దికాలమైంది. లెక్కలు చదివి, మద్రాసులో ఒక కోర్సు చేసి వచ్చాను. డెబ్బైలు ముగియవస్తున్న రోజులు. ఒక ఎరువుల కంపెనీ వాళ్ళు బెజవాడ ఆఫీసుకి చిన్న కంప్యూటర్ తెప్పించారు. చిన్నదంటే బీరువా అంత. ఆ భవనం మొత్తానికి అదున్న గదిలోనే ఏసీ ఉండేది, అందుకని ఎండాకాలంలో పని లేకపోయినా అందరికీ మా గదిలో పనే. చెప్పులు బయట విప్పి రావాలి. దసరాకి దానికి కుంకుమ పెట్టి, పక్కన నిమ్మకాయలు కోసి, నన్ను కూడా దణ్ణం పెట్టుకోమన్నారు. మేము క్రైస్తవులమండీ అంటే, మిషనుకి తెలీదు లెండి అన్నారు మేనేజరు గారు. కంప్యూటర్ కొన్నారు గానీ, అచ్చు వేసే యంత్రం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుచుకున్నారు. ఎక్కడో వేలంలో పాత టెలీప్రింటర్ ఒకటి కొని దానికి తగిలించారు. తంతి వార్తలు కొట్టీ కొట్టీ అలిసిపోయిన ముసలి యంత్రం. టకటకమని మోతతో, నూనె వాసనతో పనిచేసేది.

ఏ ఊరికి ఎన్ని బస్తాలు పంపాలో అది ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది. ఒకరోజు మేనేజరు గారు కాగితం పట్టుకుని రుసరుసలాడుతూ వచ్చారు. "ఏమ్మా శాంతకుమారీ, అన్నవరంలో మనకి డీలరెవరు? సత్యనారాయణస్వామికి పంపమంటావా యూరియా?" చూస్తే అది గన్నవరం. మొదటి అక్షరం ఎగిరిపోయింది. ఆ పైన ఉయ్యూరుకి కూడా ముందుండాల్సిన 'వి' పోయింది గానీ, మనం పలికేది అలాగే కాబట్టి ఎవరికీ పట్టలేదు. పరీక్షగా చూస్తే ప్రతి రెండు మూడు లైన్లకీ ఒకదానికి తల లేదు. పోయిన అక్షరం ఎక్కడికీ పోలేదు, కాగితం నడిమధ్యలో మసకగా, ఎవరికీ చెందనట్టు పడి ఉంది. నేను ప్రోగ్రాం అంతా తిరగేశాను. తప్పు లేదు. కంప్యూటర్ గన్నవరం అని పూర్తిగానే పంపుతోంది.

కొన్నాళ్ళకి హైదరాబాదు నుంచి మూర్తిగారనే ఇంజనీరు వచ్చారు. ఏ యంత్రాన్నీ విసుక్కోని మనిషి. టీ గ్లాసు పట్టుకుని టెలీప్రింటర్ ముందు కూర్చుని, ఊరికే దాన్ని చూస్తూ ఉండిపోయారు. చివరికి నన్ను పిలిచి, "అచ్చుకొట్టే ఆ గుండు చూడమ్మా. లైను చివరిదాకా వెళ్ళింది కదా, ఇప్పుడు మళ్ళీ ఎడమ అంచుకి తిరిగి రావాలి. స్ప్రింగు సాగిపోయింది, మెల్లగా వస్తుంది. మన కంప్యూటర్ కొత్తది, అదొచ్చిందో లేదో చూసుకోదు, అక్షరం విసిరేస్తుంది. అదింకా దార్లోనే ఉంది, ఉన్నచోటే కొట్టేస్తుంది" అన్నారు. యంత్రం మార్చాలా అంటే నవ్వారు. "మారిస్తే మంచిదే, మీవాళ్ళు కొంటారా? అక్కర్లేదులే. లైను అయిపోగానే రెండు మూడు ఖాళీ అక్షరాలు పంపు. అవి కాగితం మీద పడవు. అవి వెళ్ళే టైములో ఇది ఇంటికి చేరుతుంది." అలాగే చేశాను. గన్నవరం గన్నవరంగానే వచ్చింది. మేనేజరు గారు అందరికీ సమోసాలు తెప్పించారు.

ఆ సాయంత్రం పాత కాగితం, కొత్త కాగితం రెండూ ఇంటికి తెచ్చి, గొప్పగా అత్తయ్యకి చూపించాను. అన్నవరం సంగతి చెబితే నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని, తల లేని లైన్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది.

"పొడుగు లైను తరవాతే ఎక్కువ పోతోందా?" అని అడిగింది.

అప్పటిదాకా నేను గమనించలేదు. చూస్తే నిజమే. పొట్టి లైను చివర్నుంచి తిరిగి రావడానికి తక్కువ దూరం, అందుకుంటుంది. పొడుగు లైను నుంచి రావడమే దానికి కష్టం. అవునన్నాను. ఆమె ఎందుకడిగిందో అప్పుడు వెలిగింది నాకు.

"ఆ ఖాళీ అక్షరాలు పంపడానికి మీ కంప్యూటర్‌కి చాలాసేపు పడుతుందా?"

"లేదత్తయ్యా. తెలియను కూడా తెలియదు."

"ముసలిదని ఆ యంత్రాన్ని పారెయ్యలేదన్నమాట" అంది అత్తయ్య. కాగితాలు జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చి లేచి వెళ్ళిపోయింది.

వరండాలో పేపరు చదువుకుంటున్న నాన్న చెవిలో ఇదంతా పడింది. భోజనాలయ్యాక ఆ కాగితాలు ఇలా తీసుకురా శాంతా అన్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. జీవితమంతా కాగితం మీద ఆలస్యాలు గీసిన మనిషికి నేను విడమరచి చెప్పాల్సిందేమీ లేకపోయింది. మసకగా పడిన ఆ 'జి' మీద వేలుతో తడుముతూ, "ఇది ఇక్కడ పడి ఉందా!" అన్నారు, నాతో కాదు. మర్నాడు డ్యూటీ దిగి ఇంటికి రాకుండా సైకిల్ మీద కాలువ గట్టు వెంట పేటకి వెళ్ళారు. ఆయన భోజనానికి ఆలస్యంగా రావడం నేను చూసింది ఆ ఒక్కరోజే. వచ్చి కాళ్ళు కడుక్కుని, "ఈ ఆదివారం నుంచి నువ్వే కూర్చో అక్కయ్యా. కమిటీకి నేను చెప్పుకుంటాను" అన్నారు.

"ఎవరికోసంరా?"

"వస్తామన్నారు. సువార్తమ్మ చెప్పింది, వస్తాం లెండి బాబుగారూ అంది."

అత్తయ్య నాన్న ముఖంలోకి చూసింది. 'వస్తాం లెండి' అన్నదాంట్లో ఎంత ఉందో ఆమెకి తెలుసు. ఆయనకి తెలియలేదు.

ఆదివారం నాన్న అందరికన్నా ముందు వెళ్ళి, మూలనున్న చాపలు దులిపి తనే పరిచారు. సువార్తమ్మ ఒక్కతే వచ్చింది. అంత పెద్ద చాప మీద ఓ చివరగా కూర్చుంది. అత్తయ్య ఆర్గన్ దగ్గర కూర్చుని, ఎడమచెయ్యి కాస్త ముందు వేసి మొదలుపెట్టింది. పాదం చివర ఆగింది. "చీకటి దారిలో" అని అందించింది. వెనకనుంచి ఒకే ఒక్క గొంతు మొదటి మాట నుంచీ ఎత్తుకుంది. పాడినంతసేపూ నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. ఆరాధనయ్యాక సువార్తమ్మ నాన్న దగ్గరికొచ్చి, "మీరంత దూరం వచ్చి అడిగారని వచ్చానండి. మావాళ్ళకి అక్కడ అలవాటైపోయిందండి బాబుగారూ. ఆళ్ళని వదిలేసి నేనిక్కడ పాడితే బాగోదు" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది. ఆమె మళ్ళీ రాలేదు.

మా ఆఫీసులో తరవాత కొత్త ప్రింటర్ వచ్చింది. దానికి తిరిగి రావడమంటూ లేదు, పోతూ కొట్టేది, వస్తూ కొట్టేది. నా ప్రోగ్రాంలో ఆ ఖాళీ అక్షరాలు అలాగే ఉండిపోయాయి. కొత్తగా చేరినవాళ్ళు చూసి, "ఇవెందుకు మేడమ్, దేనికీ పనికిరావట్లేదు, తీసేద్దామా?" అని అడిగేవాళ్ళు. ఉండనివ్వండి అనేదాన్ని. నా రిటైర్మెంట్ తరవాత ఎవరో తీసేసే ఉంటారు. ఇప్పుడు చర్చిలో తెర మీద పాట వెలుగుతుంది, రికార్డు చేసిన వాద్యం దాని దారిన అది సాగిపోతుంది. కళ్ళు మసకబారిన నేను ఒక పాదం చదివేసరికి తెర మీద ఇంకోటి వస్తుంది. ఈమధ్య నేనూ చివరి మాటలే పాడుతున్నాను. పేటలో ఆ పాక ఇప్పుడు స్లాబు వేసిన మందిరం. ఒకసారి ఆటోలో పోతుంటే పాట వినబడింది, ఆపమన్నాను. ఎవరో ఒక ఆడగొంతు మొదటి మాటలు అందిస్తోంది, ఆగుతోంది, అందరూ ఎత్తుకుంటున్నారు. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. మీటరు తిరుగుతోందమ్మా అని ఆటో అతను అన్నాక పోనిమ్మన్నాను.

అత్తయ్య ఆ తరవాత చాలా ఏళ్ళు వాయించింది. చేతులు వణికేదాకా వాయించింది. చాపలు ఎత్తేశారు, ఆ చోట కూడా బెంచీలు వచ్చాయి, చదువురానివాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ప్రతి పాదం చివరా ఆగి, తల కాస్త తిప్పి, మొదటి మాటలు చెప్పేది. ఆలస్యమైపోతోందని కమిటీలో ఎవరో మళ్ళీ అన్నారు. ఈసారి నాన్న ఒప్పుకోలేదు. రిటైరయ్యాక ఆయన వాచీ పెట్టుకోవడం మానేశారు. రెండో బెంచీలోంచి లేచి, చివరి వరసలో గుమ్మం పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. అత్తయ్య పాదం చివర ఆగినప్పుడల్లా ఆయన పాడడం ఆపి, కాలువ గట్టు వైపు తెరిచి ఉన్న తలుపులోంచి ఒకసారి చూసేవారు. ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాకే తరవాతి పాదం అందుకునేవారు. రోజూ వాచీ చూసి బతికిన మా నాన్న పోయేదాకా ప్రతి ఆదివారం అలాగే, అందరికన్నా ఒక మాట ఆలస్యంగా పాడారు.